సామాన్ల దగ్గర చిట్టెమ్మ పెద్దమ్మ

మా పెద్దమ్మ చిట్టెమ్మ ఖరగ్‌పూర్ నుంచి విశాఖపట్నం వైపు ఎన్నిసార్లు ప్రయాణం చేసిందో ఆమెకే గుర్తులేదు. కానీ దారిలో ఏ స్టేషన్లోనూ ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టదు. బండి ఆగితే పెదనాన్న దిగుతాడు, ఆమె సామాన్లు చూస్తూ కూర్చుంటుంది. ఖరగ్‌పూర్‌లో మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో చాలా ఇళ్లలో ఇదే పద్ధతి. పెద్దమ్మకు మాత్రం అది శిక్షలా తగులుకుంది. కొత్తగా కాపురానికి వస్తూ పలాసలో నీళ్లకని కుళాయి దగ్గరకు దిగిందట. తిరిగొచ్చేసరికి ట్రంకుపెట్టె లేదు. పెదనాన్న తవిటయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు గాని, ఆ పెట్టె ఊసును ఇంకా రిటైరు చేయలేదు.

నేను ఆమె చెల్లెలి కూతురిని. తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయినప్పటి నుంచి వాళ్లింట్లోనే ఉంటున్నాను.

కిందటేడు వాళ్లమ్మాయి భవ్య మా ముగ్గురికీ ఓడ టిక్కెట్లు కొంది. విశాఖపట్నంలో ఎక్కి, మధ్యలో పుదుచ్చేరి దగ్గర ఒక పగలంతా ఆగి, చెన్నైలో దిగాలి. "ఓడ ఆగిన రోజు ఏ పనీ పెట్టుకోకమ్మా. ఒడ్డున నడు, కొబ్బరిబొండాం తాగు, ఊరికే కూర్చో," అని ఫోన్లో చెప్పింది. పెద్దమ్మ ఆ మాటే పట్టుకుంది.

"ఆ ఒక్క పూటా నీల్లల్లో కాల్లెట్టుకుని కూకుంటానే. ఎవులికీ ఏటీ వడ్డించను," అంది పెట్టె సర్దుతూ.

ఓడ ఎక్కాక కూడా ఆమెకు తీరిక లేదు. పెదనాన్నకు సుగరు. భోజనాల హాల్లో ఎవరికి కావలసింది వాళ్లే వడ్డించుకోవచ్చు. ఆయన గులాబ్‌జామ్ పెట్టుకోవడం, ఆమె దాన్ని తీసి నా పళ్లెంలో వేయడం. ఆ గరిటెలు అందరూ పట్టుకుంటారని ఆయన చేత సబ్బుతో చేతులు కడిగించేది. లిఫ్టు ఎక్కనీకుండా మెట్లు ఎక్కించేది. పొద్దున్నే పైకి తీసుకెళ్లి నడిపించేది. వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకుని వెనకాలే తిరిగేది. పక్క గదివాళ్లకు వాంతులు పట్టుకున్నాయి. పెదనాన్న మాత్రం నిగనిగలాడుతున్నాడు.

"సముద్రం గాలి నాకు బాగా పడినాదే," అన్నాడు.

పెద్దమ్మ ఫ్లాస్కు మూత తిప్పి ఆయనకు వేడినీళ్లు పోసింది.

పుదుచ్చేరి దగ్గర ఓడ ఒడ్డుకు దూరంగా ఆగింది. చిన్న పడవల్లో జనాన్ని దింపుతున్నారు. పెద్దమ్మ తలస్నానం చేసి, గంజి పెట్టిన ఆకుపచ్చ చీర కట్టుకుంది. పెదనాన్న చెప్పులేసుకుని గుమ్మంలో ఆగాడు.

"మీరిద్దరూ సామాన్లు సూస్తుండండి. నాను బేగొచ్చేస్తాను. అప్పుడు మీరెల్దురు."

"ఇది రైలుబండి కాదండీ. గదికి తాళముంది," అంది పెద్దమ్మ.

"తాళంకప్పేదే? ఈ కార్డు అట్టముక్క ఆనిస్తే తెరుసుకునేది తాళమేటి? పలాసలో పెట్టె ఎలాపోనాదో మరిసిపోనావేటి?"

నేనే ధైర్యం చేశాను.

"నానుంటాను పెదనాన్నా. పెద్దమ్మని తీసుకెల్లు."

"వయసొచ్చిన గుంటని ఒక్కర్తినీ ఓడలో వొదిలీమంటావా? సాల్లే."

గది తుడవడానికి వచ్చిన దీదీ కూడా, తలుపుకు తాళం దానంతటదే పడుతుందని హిందీలో చెప్పింది. "ఠీక్ హై, ఠీక్ హై," అంటూ ఆయన వెళ్లిపోయాడు.

మేమిద్దరం కూర్చున్నాం. అద్దంలోంచి ఒడ్డు సన్నగా గీత గీసినట్టు కనిపిస్తోంది. పడవ తిరిగొచ్చినప్పుడల్లా పెద్దమ్మ లేచి కొంగు సర్దుకునేది. ఆయన అందులో ఉండేవాడు కాదు. మళ్లీ కూర్చునేది. అన్నానికి కూడా ఒకరి తర్వాత ఒకరం వెళ్లాం. కాపలా దేనికి? రెండు సూట్‌కేసులు, ఫ్లాస్కు, మందుల సంచి. వాటిని సముద్రంలోకి విసిరేయాలనిపించింది. ఆ కిటికీ తెరుచుకునే రకం కూడా కాదు.

ఆఖరి పడవలో వచ్చాడు ఆయన. ప్యాంటు మోకాళ్ల దాకా తడి.

"ఓలమ్మా, ఏటి గాలే! గట్టు మీద కూకుంటే లెగబుద్దేయనేదు. ఆ ఐస్‌క్రీం అయితే..." అని నాలుక్కరుచుకున్నాడు.

పెద్దమ్మ సుగరు మిషను తీసి, ఆయన వేలు పొడిచి చూసింది. మాత్ర చేతిలో పెట్టింది. చీర మార్చుకుని, ఆకుపచ్చ చీరను మడతపెట్టి పెట్టె అడుగున తోసేసింది. ఆ సాయంత్రం భవ్య ఫోను చేసి ఒడ్డు ఎలా ఉందని అడిగితే, "మీ నాన్ననడుగు," అని ఫోను ఆయన ఒళ్లో పడేసింది.

చెన్నై నుంచి ఖరగ్‌పూర్‌కు రైల్లో తిరుగు ప్రయాణం. విశాఖపట్నంలో ఇంజను తీసి రెండో చివర తగిలిస్తారు, అందుకని బండి చాలాసేపు ఆగుతుంది. అది చూడడానికి పెదనాన్న ప్రతిసారీ దిగుతాడు. ఈసారీ సీటు కింద చెప్పులు వెతుక్కుంటున్నాడు. పెద్దమ్మ లేచి నిలబడింది.

"ఎక్కడికే?"

"ఇంజను సూసొస్తాను. సామాన్లు జాగర్త."

"ఇంజను గురించి నీకేటి తెలుసే?"

"సముద్రం గురించి మీకేటి తెలుసు? ఎల్నేదా?" అని నా చెయ్యి పట్టుకుంది. "రాయే గుంటా."

మెట్టు మీద కాసేపు ఆగి, కమ్మీ పట్టుకుని దిగింది. ఇంజను వైపు వెళ్లనే లేదు. నేరుగా కుళాయి దగ్గరకు నడిచి, చెప్పులు విడిచి, చీర కొంచెం ఎత్తి పాదాల మీద నీళ్లు వదులుకుంది. వెనక కిటికీ ఊచల్లోంచి పెదనాన్న అరుస్తున్నాడు, రెండు చేతులూ సూట్‌కేసుల మీద వేసి.

"ఓసే! బండి కదిలిపోతాదే! నాను దిగనేను, ఇక్కడ సూసీవోలు నేరు!"

పెద్దమ్మ వెనక్కి తిరగలేదు.

"ఇయ్యి ఉప్పగా నేవే," అంది నాతో, విసుగ్గా.

అయినా బండి కూత వేసేదాకా కుళాయి కట్టలేదు.