ఫ్రిజ్‌లో పాల పొంగు

మా అత్తమ్మ అహల్య నాంపల్లిలో కిరాయి ఇంట్లో ఉంటూ, అబిడ్స్ దుకాణాల చీరలకు ఫాల్స్ కుట్టి మా ఆయన్ని పెంచింది. కుండనీళ్ల చల్లదనం తప్ప ఇంట్లో వేరే చల్లదనం ఎరగదు. ఈ ఎండాకాలం ఆమెకు ఫ్రిజ్ కొన్నాం.

ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు కాబట్టి కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే స్విచ్ వేయాలన్నాను.

"ఔ, గంత దూరం నుంచి వచ్చింది. జర దమ్ము తీసుకోనియ్యి," అంటూ అత్తమ్మ దానికి కుంకుమ బొట్టు పెట్టింది.

గోడ నుంచి జానెడు దూరం జరిపి, ఊగకుండా కాళ్లు సరిచేశాను. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దని గోడ ప్లగ్గులోనే పెట్టి, సాయంత్రం స్విచ్ వేశాను. లోపల చల్లబడ్డాక అత్తమ్మ స్టీలు గ్లాసు నిండా అంచుదాకా పాలు పోసి ఫ్రీజర్‌లో పెట్టింది.

"కొత్తగ ఏది మొదలువెట్టినా పాలు పొంగియ్యాలె గద," అంది.

నాకు చిరాకేసింది. "అది పొయ్యి కాదు అత్తమ్మా," అన్నాను. ఆమె వింటేగా.

తెల్లారి తలుపు తీస్తే, గడ్డకట్టిన పాలు గ్లాసు అంచు దాటి గుండ్రంగా పైకి లేచి ఉన్నాయి. చుట్టూ తెల్లటి ఆవిరి.  అత్తమ్మ ఆ పొంగును వేలితో తాకి కళ్లకద్దుకుంది.

"చూసినవా ప్రణవీ, నిప్పు లేకుండనే పొంగినయి," అంది మెల్లగా.

గడ్డకడితే నీళ్లైనా పాలైనా ఉబ్బుతాయని చెప్పబోయాను. అప్పటికే నా చేతులు జోడించి ఉన్నాయి.