మూత తీయని సీసాలు

వారంలో ఆరు రోజులు నిలబడి పనిచేసే మనిషిని ఏడో రోజు గుట్ట ఎక్కమంటే ఏమనాలి? నేను మాత్రం ఏమీ అనలేదు. బిడ్డ అడిగింది, సరే అన్నాను. అన్న మరుక్షణం నుంచే మోకాళ్లు గుర్తుకొచ్చాయి.

మేముండేది చిట్కుల్‌లో. కాజీపల్లి వైపు ఒక మందుల కంపెనీలో, గోళీలు అట్టల్లో పెట్టి సీలు వేసే లైను మీద పద్నాలుగేళ్లుగా చేస్తున్నాను. మా బిడ్డ కూడా డిగ్రీ అయ్యాక రెండేళ్లు అదే లైనులో నా పక్కనే నిలబడింది. ఒకరోజు కంపెనీ బస్సులో ఇంటికి వస్తుంటే, అడవి శాఖలో బీట్ ఆఫీసర్ పోస్టుకు దరఖాస్తు పెట్టానని మెల్లగా చెప్పింది. చదవడానికి పని మానేసింది. రాత పరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది నడక పరీక్ష. ఆడపిల్లలు నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు నడవాలి. ఒక్క నిమిషం దాటినా ఇంటికే. ఇంటికి అంటే, మా విషయంలో మళ్లీ ఆ లైనుకే.

మొదట్లో రింగు రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు మీద నడిచింది. ఒక పక్క లారీలు, ఒక పక్క దుమ్ము, వెనక బండ్ల మీద వచ్చి నెమ్మది చేసే మొగపిల్లలు. సంగారెడ్డిలో శిక్షణ ఇచ్చే సారు, గుట్టలో నడవడం అలవాటైతే చదును రోడ్డు మీద నడక లెక్కే కాదన్నాడట. దాంతో అనంతగిరి పట్టుకుంది. వాళ్ల నాన్న భానూర్ దగ్గర ఒక షెడ్డులో వెల్డింగ్ చేస్తాడు, ఆదివారం కూడా డ్యూటీయే. పిల్లను ఒక్కదాన్ని అడవికి పంపలేం కదా. అలా ఆ గుట్టలు నా నెత్తి మీదికి వచ్చాయి.

పొద్దున మొదటి బస్సులో లింగంపల్లి, అక్కడ రైలెక్కి వికారాబాద్, అక్కడి నుంచి ఆటో. గేటు దగ్గర టికెట్టు తీసుకునేసరికి నాకు సగం షిఫ్టు చేసినంత అలసట. అప్పటికే హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చిన పిల్లలు అక్కడ గుంపులుగా ఉండేవాళ్లు. ఒక్కొక్కరి వీపు మీది సంచి చూస్తే ఇల్లు ఖాళీ చేసి వచ్చారేమో అనిపించేది. రెండు చేతుల్లో రెండు కర్రలు. వాళ్లు నా చీర వైపు, చీర కింద కంపెనీ వాళ్లిచ్చిన నల్ల బూట్ల వైపు చూసి తల తిప్పుకునేవాళ్లు. నేను కూడా వాళ్ల కర్రల వైపు అలాగే చూసేదాన్ని.

దారి మొదట లోయలోకి దిగుతుంది. ఎర్రమట్టి, దాని మీద గులకరాళ్లు, కాలు పెడితే జారుతుంది. కింద ఎండిన వాగు. వాగు దాటాక అసలు కష్టం. మద్ది చెట్ల వేళ్లు పట్టుకుని, బండల మీద చేతులు ఆనించి, దాదాపు పాకినట్టే పైకి పోవాలి. పైన గట్టు మీద కాస్త చదును వచ్చాక మళ్లీ చుట్టూ తిరిగి గేటు దగ్గరికి. బిడ్డ ఈ చుట్టును రెండుసార్లు వేసేది. నేను ఒకసారి ఆమె వెనకాల పడి, రెండోసారి గేటుకు దగ్గర్లోనే గట్టు మీద ఒక బండ చూసుకుని కూలబడేదాన్ని. అడవి అందంగా ఉంటుందని అందరూ అంటారు. ఉంటుంది. కానీ దాన్ని చూడడానికి తల ఎత్తితే కాలు జారుతుంది కనుక నాకు తెలిసిన అనంతగిరి ఎక్కువభాగం నా బూట్ల ముందున్న మూడడుగుల నేలే.

ఇక్కడ మా లైను గురించి ఒక మాట చెప్పాలి. లోపలికి వెళ్లేముందు టోపీ, మాస్కు, గౌను, చేతి తొడుగులు, కాళ్ల తొడుగులు వేసుకుంటాం. లోపల నీళ్లు తాగకూడదు, అది మందుల దగ్గర ఉండాల్సిన పద్ధతే, దానికి నేను తప్పు పట్టను. బాత్రూముకు పోవాలంటేనే చిక్కు. చెయ్యెత్తి లైను ఇన్‌ఛార్జికి చెప్పాలి, మన జాగాలో నిలబడడానికి ఇంకో మనిషి దొరకాలి, రిజిస్టర్‌లో టైము వేసి సంతకం పెట్టాలి, అన్నీ విప్పాలి, మళ్లీ అన్నీ వేసుకోవాలి. ఇన్‌ఛార్జి తిట్టడు. గడియారం చూస్తాడు. షిఫ్టులో రెండోసారి చెయ్యెత్తితే, ఏమైందమ్మా, ఎక్కడికి అని నలుగురి ముందు అడుగుతాడు. అందుకని మేం ఆడవాళ్లమంతా పొద్దున్నుంచి నీళ్లు ముట్టం. చాయ్ ఒకటి, అది కూడా సగం. తిండి బ్రేకులో రెండు గ్లాసులు. మూత్రంలో మంట మా అందరికీ ఉంది. గౌన్లు వేసుకునే గదిలో దాని గురించి వంటల గురించి మాట్లాడినంత మామూలుగా మాట్లాడుకుంటాం.

మార్చిలో, పరీక్షకు ఇంకా పది రోజులుందనగా, చివరి ఆదివారం వెళ్లాం. మోదుగులు పూసి ఉన్నాయి. ఎండ పొద్దున తొమ్మిదికే మాడుస్తోంది. మొదటి చుట్టు బాగానే అయింది, బిడ్డ ఫోన్లో టైము చూసుకుని పోయిన వారం కంటే ఏడు నిమిషాలు తగ్గిందని సంబరపడింది. నేను బండ మీద కూర్చున్నాను. ఆమె రెండో చుట్టుకు దిగిపోయింది.

రావాల్సిన టైముకు రాలేదు. మొదట పావుగంట చూశాను. అలసి ఎక్కడైనా ఆగిందేమో, ఆగితే మంచిదే అనుకున్నాను. ఫోన్ చేద్దామంటే ఆ గట్టు మీద సిగ్నలే లేదు. ఇంకో పావుగంట అయ్యాక కూర్చోలేకపోయాను. ఆ నిటారు దారిలో దిగడం ఎక్కడం కంటే కష్టం. కూర్చుని జారుతూ దిగాను. చీర చిరిగింది. దారి పొడవునా బిడ్డను పిలుస్తూనే ఉన్నాను.

సగం దారిలో, చెట్టు వేళ్ల మధ్య ఒరిగి కూర్చుని ఉంది. ఒక అబ్బాయి, అమ్మాయి, ఆ కర్రల గుంపులోవాళ్లే, పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. అబ్బాయి తన టోపీతో విసురుతున్నాడు. బిడ్డ ముఖం ఎర్రగా కమిలిపోయింది, కానీ చెమట చుక్క లేదు. చేతుల మీద రోమాలు లేచి ఉన్నాయి. అంత ఎండలో చలేస్తోందంది. పిక్కలు పట్టేసి కాలు చాపలేకపోతోంది. నన్ను చూసి, టైమెంత అయిందని అడిగింది. నాకు భయంతో పాటు కోపం కూడా వచ్చింది. ప్రాణం మీదికి వచ్చినా టైమేనా అనుకున్నాను.

ఆ అమ్మాయి తమ నీళ్లు అయిపోయాయని, మా దగ్గర ఉన్నాయా అని అడిగింది. బిడ్డ వీపు మీది సంచి తీసి తెరిచాను. రెండు సీసాలు. నిండుగా ఉన్నాయి. పొద్దున లింగంపల్లి స్టేషన్‌లో కొన్నవి, మూత సీలు కూడా తెగలేదు. ఆ అమ్మాయి వాటిని చూసి నా వైపు చూసింది.

"ఇన్ని నీళ్లు పెట్టుకుని తాగలేదేంటి ఆంటీ?"

మూత తీసి, చున్నీ తడిపి బిడ్డ మెడకు, తలకు చుట్టాను. అబ్బాయి, నేను చెరో వైపు పట్టుకుని నీడలోకి జరిపాం. ఉప్పు, చక్కెర కలిపిన పొడి వాళ్ల సంచిలో ఉంది. అంత పెద్ద సంచి ఎందుకా అని నవ్వుకున్నదాన్ని, దాని ముందే చేతులు జోడించాను. కొద్దికొద్దిగా తాగించాం. అరగంటకు చెమట పట్టింది. చెమట చూసి అంత సంతోషించిన రోజు నా జీవితంలో ఇంకోటి లేదు. వాళ్లు పైదాకా సాయం వస్తామన్నారు. కాసేపు కూర్చుని వస్తాం, మీరు పైకి పోయి గేటు దగ్గర చెప్పండని వాళ్లను పంపాను.

ఇద్దరమే మిగిలాక అడిగాను.

"ఏందే, ఎందుకు తాగలే?"

"తాగితె మధ్యల ఆగాల్సొస్తది గదమ్మా. టైం పోతది."

"గట్లని ఎవరు చెప్పిండ్రే నీకు? మీ సారా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. నిష్ఠూరం లేదు ఆ చూపులో. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

"నువ్వే గద."

చెప్పాను. నిజమే. ఆమె కంపెనీలో చేరిన మొదటి రోజు, బస్సు ఎక్కేముందు, చేతిలోని గ్లాసు లాక్కుని మరీ చెప్పాను. పొద్దుగాల నీళ్లు తాగకు బిడ్డా, మధ్యల ఎవర్నీ అడుక్కునే పని ఉండదు అన్నాను. ఆ రోజు దాన్ని నేను తెలివి అనుకున్నాను. తల్లి బిడ్డకు ఇచ్చే జాగ్రత్త అనుకున్నాను. పిల్ల కంపెనీ మానేసి ఆరు నెలలైంది, నా మాట మాత్రం మానలేదు. అడవిలో, ఏ ఇన్‌ఛార్జీ లేనిచోట, చెట్ల మధ్య, అనుమతి అడగాల్సిన మనిషి ఒక్కడూ లేనిచోట కూడా ఓర్చుకుంది. నా మీద నాకు అసహ్యం వేసింది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఏడుపు ఆగాక సీసా ఆమె చేతిలో పెట్టాను. తాగమన్నాను, తాగాక ఆగమన్నాను. నేను దారికి అడ్డంగా చున్నీ పట్టుకుని నిలబడ్డాను, ఆమె పొద వెనక్కి పోయింది. ఎంతసేపటికీ రాదు. ఏమైందని అడిగితే, వస్తలేదమ్మా అంది, నవ్వుతూనో ఏడుస్తూనో. అటు నుంచి ఎవరో ముసలాయన కర్ర పట్టుకుని వస్తుంటే, అడ్డం చున్నీతో నిలబడి, జెర ఆగు పెద్దమనిషీ అన్నాను. ఆయనకు ఏం అర్థమైందో, వెనక్కి తిరిగి చెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాతి పది రోజులు మేం నడక కాదు నేర్చుకున్నది. డాక్టరమ్మ దగ్గరికి పోయి రక్తం చూపించుకుని, ఆమె సరే అన్నాకే బిడ్డ మళ్లీ రోడ్డెక్కింది. అరగంటకోసారి నాలుగు గుక్కలు. ఎక్కడైనా ఆగి, పోయి, వచ్చి, మళ్లీ నడక అందుకోవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూసుకుంది. ఆగితే ఓడిపోతానని ఆమెకు ఇంకా భయమే. నాకూ భయమే. నేను చెప్పిన కొత్త మాట వల్ల నిమిషాలు పోయి ఉద్యోగం పోతే ఆ పాపం ఎవరిది? ఆ పది రోజులూ నాకు సరిగ్గా నిద్ర లేదు.

పరీక్ష రోజు నాకు సెలవు దొరకలేదు. వాళ్ల నాన్న తోడు పోయాడు. మా కంపెనీలో ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు, బీరువాలో పెట్టి తాళం వేయాలి. ఆ రోజు నా చేతులు గోళీల అట్టలు సర్దుతూనే ఉన్నాయి, ఎన్ని సర్దాయో నాకు తెలియదు. తిండి బ్రేకు ఇవ్వగానే గౌను విప్పీ విప్పకుండా పోయి ఫోన్ తీశాను.

బిడ్డ మొదటి రింగుకే ఎత్తింది. ఆరు నిమిషాలు మిగిలుండగా గీత దాటిందట. గొంతు బొంగురుపోయింది, ఊపిరి ఇంకా కుదురుకోలేదు. నీళ్లు తాగావా అని అడిగాను. తాగానంది. ఆగావా అని అడిగాను.

"రెండుసార్లు ఆగినమ్మా. పక్కన బాత్రూములు పెట్టిండ్రు. పోయిన, వచ్చిన, మళ్ల నడిచిన." తనకు తానే చెప్పుకుంటున్నట్టు అంది. "ఎక్కడికి పోతున్నవ్ అని ఒక్కరు గూడ అడగలే."

గౌన్లు వేసుకునే గదిలో ముందు బ్రేకుకు పోయిన మా వాళ్లు తిరిగొచ్చి మాస్కులు కట్టుకుంటున్నారు. అవతల బిడ్డ, అమ్మా, ఉన్నవా అని అడుగుతోంది. ఉన్న బిడ్డా అన్నాను, వాళ్ల వైపు చూస్తూనే.