నాలుగో బోల్టుకు బొట్టు

కోరుట్లలో జగిత్యాల రోడ్డు పట్టుకుని కొంచెం ముందుకు పోతే రేకుల షెడ్డు ఒకటి వస్తుంది. దానికి బోర్డు లేదు. పెద్ద బండ్ల మెకానిక్ జైపాల్ ఎక్కడుంటాడని అడిగితే, బొట్ల జైపాలా అని ఎదురడిగి మరీ చూపిస్తారు. బొట్ల అన్నది ఆయన ఇంటిపేరు కాదు, ఊరు పెట్టిన పేరు. మా వైపు ఎవరి పని మీదైనా గౌరవం కలిగితే ముందు వాళ్లకొక వెక్కిరింపు పేరు పెట్టి, ఆ తర్వాతే గౌరవిస్తారు.

జైపాల్ ఎనిమిదేళ్లు దుబాయిలో పెద్ద బైకుల వర్క్‌షాపులో పనిచేశాడు. అక్కడి ఫోర్‌మన్ ఆయనకొక అలవాటు నేర్పాడు. బోల్టును పూర్తిగా బిగించాక దాని మీద చిన్న రంగు చుక్క పెట్టాలి. చుక్క ఉందంటే ఆ బోల్టు పని అయిపోయినట్టు. ఊరికి తిరిగొచ్చి సొంత షెడ్డు వేసుకున్నప్పుడు అలాంటి రంగు ఎక్కడ దొరుకుతుందో తెలియక దిక్కులు చూస్తుంటే, భార్య భాగ్య తన ఎర్ర గోళ్లరంగు సీసా తెచ్చి చేతిలో పెట్టింది. అప్పటి నుంచి ఆయన షెడ్డులోంచి బయటికి వచ్చే ప్రతి బండికీ ఎర్రబొట్లే. జైపాల్ బండికి పెండ్లి చేసి పంపిండని నవ్వేవాళ్లు నవ్వారు. రోజుల తరబడి కొండదారుల్లో తిరిగి వచ్చేవాళ్లు మాత్రం ఆ బొట్లు చూసుకునే ధైర్యంగా బయలుదేరేవాళ్లు.

ఆయన తండ్రి మొగిలయ్య రాయికల్ దగ్గర తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. నడుముకూ చెట్టుకూ కలిపి వేసే మోకును రోజూ పొద్దున్నే మూడుసార్లు బలంగా గుంజి చూసి గానీ చెట్టు మీద కాలు పెట్టేవాడు కాదు. నిన్న ఎక్కిదిగిన మోకే గదనే, రోజూ చూస్తనే ఉన్నవ్ గద అని చిన్నప్పుడు జైపాల్ విసుక్కునేవాడు. "సూస్తె సాలది కొడుకా, గుంజాలె" అనేవాడు మొగిలయ్య. నలభై ఏళ్లు చెట్లెక్కి, ఒక్కసారి కూడా జారకుండా, చివరికి మంచంలోనే కన్నుమూశాడు.

మొన్నటి వానాకాలం జైపాల్ చేతికొక బండి వచ్చింది. ఎత్తుగా, పొడవాటి షాక్ అబ్జార్బర్లతో, మట్టిదారైనా తారురోడ్డైనా ఒకటే అన్నట్టు పోయే అడ్వెంచర్ టూరింగ్ బండి. దాని యజమాని ప్రేమ్‌కుమార్ జగిత్యాలలో జూనియర్ కాలేజీ లెక్చరర్, సొంతూరు సిరిసిల్ల. తండ్రి బట్ట నేసే సాంచాలు నడిపి నడిపి, వేములవాడ దాటి ఏమీ చూడకుండానే పోయాడు. అందుకేనేమో కొడుక్కి దూరాల పిచ్చి. ఆ ఏడు గుజరాత్‌లో కచ్ దాకా పోయి తెల్ల ఉప్పునేల చూసి రావాలని పట్టుబట్టాడు. ప్రతి ఆదివారం కోరుట్లకు వచ్చేవాడు. ఇద్దరూ కలిసి ఇంజనుకు దెబ్బ తగలకుండా కింద పళ్లెం వేశారు, చేతులకు గార్డులు పెట్టారు, పొగమంచులో దారి కనబడే లైట్లు తగిలించారు, ఎయిర్ ఫిల్టరు మార్చారు, చైను కడిగి నూనె పెట్టారు. చివరికి మిగిలింది వెనకాల రెండు వైపులా సామాను బాక్సులు.

ఒక్కో బాక్సుకు ఇనుప ఫ్రేము, ఒక్కో ఫ్రేముకు నాలుగు బోల్టులు. ఎడమ వైపు ఫ్రేములో మూడు బోల్టులు బిగించి, బొట్లు పెట్టి, నాలుగోదాన్ని చేత్తో తిప్పి వదిలేశాడు జైపాల్. చక్రానికి తగలకుండా ఫ్రేమును దూరంగా పట్టి ఉంచే బోల్టు అది. సామాను బరువుకు ఫ్రేము సర్దుకున్నాకే దాన్ని బిగించాలి. "దసరా పూజ జేసుకొని, సామాను నింపుకొని తీస్కరా సార్. అప్పుడు గీ ఒక్కటి బిగిస్త" అన్నాడు.

దసరా అయిన మూడో రోజు పొద్దున ప్రేమ్‌కుమార్ నిండు బాక్సులతో వచ్చాడు. ఆర్మూర్‌లో ఇద్దరు స్నేహితులు ఎదురుచూస్తున్నారని తొందరలో ఉన్నాడు. బండి నిండా పసుపు, కుంకుమ, హ్యాండిల్‌కు వాడిన బంతిపూలు. జైపాల్ గాలి చూశాడు, చైను చూశాడు, ఎడమ వైపు వంగి ఫ్రేము చూశాడు. నాలుగు బోల్టులు, నాలుగు ఎర్రబొట్లు. ఓహో, ఇది బిగించే పంపానా అనుకున్నాడు. పానా డబ్బా పక్కనే ఉంది. తీయలేదు.

"ఇంక నడువు సార్. నీ బండికి ఢోకా లేదు" అన్నాడు.

మధ్యాహ్నానికల్లా ఫోన్ వచ్చింది. ఆర్మూర్ దాటి నిజామాబాద్ దారిలో బండి పడిపోయింది. ప్రేమ్‌కుమార్ కుడి తొడ ఎముక రెండు ముక్కలైంది.

మర్నాడు ట్రాలీ ఆటోలో బండిని షెడ్డుకు తెచ్చి దించారు. ఎడమ ఫ్రేము చక్రంలోకి దూరి మెలికపడి ఉంది. పడ్డప్పుడు వంగి ఉంటుంది అన్నాడు ఆటో అతను. జైపాల్ వంగి చూశాడు. నాలుగో బోల్టు సగం ఊడి వంకరగా వేలాడుతోంది, దాని తల మీద ఇంకా ఎరుపు ఉంది. బొటనవేలితో రుద్దాడు. ఎరుపు వేలికి వచ్చింది. పక్క బోల్టును రుద్దాడు. అది రాలేదు. గోళ్లరంగు చెరగదు, కుంకుమ చెరుగుతుంది. ఆయన తన వేలినే చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆ రోజు ఇంకో బండి ముట్టుకోలేదు. అన్నం పెట్టిన భాగ్యకు ఒక్క మాటలో చెప్పాడు. ఆమె "ఎవలకన్న తెలుసా?" అని మాత్రం అడిగింది.

ఎవరికీ తెలియదు. తెలిసే దారి కూడా లేదు. ప్రేమ్‌కుమార్ ఆసుపత్రి నుంచి తనే ఫోన్ చేసి, గుంతల వడ్డట్టున్ననే జైపాలన్నా, బండి పైలం అన్నాడు. తిడితే బాగుండేదని జైపాల్‌కు అనిపించింది. చెబుదామని నోటిదాకా వచ్చింది, మింగేశాడు. చెబితే షెడ్డు మూసుకోవడమే కదా అన్న భయం. ఆయనకున్నది ఆ పేరొక్కటే. అలా పది రోజులు గడిచాయి.

పదకొండో రోజు ప్రేమ్‌కుమార్ భార్య శ్రీలత ఫోన్ చేసింది. ఆయన్ను ఇంటికి తెచ్చామని చెప్పి, గొంతు తగ్గించింది. "గాయిన బాగనే ఉన్నడన్నా. మా అత్తమ్మే అన్నం ముడుతలేదు."

సంగతి ఇది. దసరా రోజు శ్రీలత నెలసరి వచ్చి పక్కన కూర్చుంది. బండి పూజకు ఇంట్లో వేరే ఆడమనిషి లేదు. అత్త వెంకటవ్వ భర్త పోయిన నాటి నుంచి శుభకార్యాలకు ముందుకు వచ్చేది కాదు. కొడుకు చేయి పట్టుకుని లాక్కొస్తే ఆమే కుంకుమ పెట్టింది. కొడుకు మంచాన పడగానే వెంకటవ్వ తోడికోడలు బాలలక్ష్మి పలకరించడానికి వచ్చి, బొట్టు లేని మనిషి బొట్టు వెడితె గిట్లనే అయితది అని నలుగురిలో అనేసింది. పలకరింపు పేరుతో ఇలాంటి మాట అనేసి పోవడానికి కొందరు బస్సు టికెట్టు కొనుక్కుని మరీ వస్తారు.

ఫోన్ పెట్టేసి జైపాల్ చొక్కా మార్చుకున్నాడు.

సిరిసిల్లలో ఆ ఇంటి పక్క షెడ్డులో సాంచాలు టకటకా ఆడుతున్నాయి. ప్రేమ్‌కుమార్ మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. వెంకటవ్వ గుమ్మం అవతల గోడకు ఆనుకుని కూర్చుంది, కొడుకు గదిలోకి అడుగు పెట్టడం లేదట. జైపాల్ ఇద్దరికీ వినబడేలా గుమ్మంలోనే కూర్చున్నాడు.

"తప్పు నాది సార్. నాలుగో బోల్టు నేను బిగియ్యలే. అవ్వ పెట్టిన కుంకుమను జూసి నా బొట్టే అనుకున్న. పానా వెట్టి గుంజి సూడలే."

ప్రేమ్‌కుమార్ కళ్లు మూసుకున్నాడు. వెంకటవ్వ మెల్లగా తలెత్తింది.

"అన్నిటికి ఎర్రగ బొట్లున్నయి కొడుకా. గా ఒక్కదానికే లేకపాయె. మరిచిపోయిండ్రేమో అని నేనే వెట్టిన" అంది. "అంటే నేను వెట్టకపోతె నువ్వు బిగిస్తువా?"

అవునని అంటే తప్పులో సగం ఆమె ఒళ్లోకి పోతుంది. కాదని అంటే అబద్ధం.

"బిగిస్తుంటి అవ్వా. గాని బొట్టు వెట్టుడు నీ పని. బిగిచ్చుడు నా పని. నీ పని నువ్వు జేసినవ్, నా పని నేను జెయ్యలే."

ఆమె గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"నాకు జెప్పినవ్. మంచిది. గిదే మాట బాలలక్ష్మికి జెప్పు. గామె నలుగుట్ల అన్నది, నువ్వు నలుగుట్లనే జెప్పాలె."

జైపాల్ ఇది అనుకుని రాలేదు. గుట్టుగా ఒప్పుకుని, గుట్టుగా తిట్లు తిని పోదామని వచ్చాడు. బాలలక్ష్మి ఇల్లు రెండు సందుల అవతల. వెంకటవ్వ ముందు నడిచింది. వాకిట్లో బీడీలు చుడుతున్న ఆడవాళ్ల ముందు నిలబడి, తన పేరు, తన ఊరు, తను చేసిన పని మొత్తం చెప్పాడు. బాలలక్ష్మి తలవంచుకుని ఆకు కత్తిరిస్తూ ఉండిపోయింది. ఇంటికి తిరిగొచ్చిన వెంకటవ్వ కొడుకు మంచం పక్కన కూర్చుని, కోడలు పెట్టిన అన్నం తింది. అది చూసి ప్రేమ్‌కుమార్ ఏడ్చాడు. జైపాల్‌ను ఒక్క మాట అనలేదు, ఉండమనీ అనలేదు.

మాట కోరుట్లకు ఆయన కంటే ముందే చేరింది. కొందరు పెద్ద బండ్లను జగిత్యాలకు తీసుకుపోవడం మొదలుపెట్టారు. కొందరు మిగిలారు. జైపాల్ ఇప్పుడు బొట్టున్న బోల్టునూ వదలడు. ప్రతిదానికీ పానా పెట్టి మూడుసార్లు గుంజుతాడు.

శివరాత్రి ముందు ప్రేమ్‌కుమార్ చేతికర్రతో నడుస్తున్నాడని తెలిసి, బండి బాగు చేసి తనే నడుపుకుంటూ సిరిసిల్ల తీసుకుపోయాడు. ఎడమ ఫ్రేము నాలుగో బోల్టు బిగించాడు గానీ, దాని మీద రంగు పెట్టలేదు. వాకిట్లో స్టాండు వేసి, జేబులోంచి పానా తీసి పట్టుకుని నిలబడ్డాడు.

"అవ్వా, గిది నువ్వే వెట్టాలె."

వెంకటవ్వ కోడలి వైపు చూసింది. శ్రీలత లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చి అత్త చేతిలో పెట్టింది. ముసలామె మోకాళ్ల మీద కూర్చుని, వేలు ముంచి, బోల్టు మీద బొట్టు పెట్టింది. లేవబోయి ఆగింది.

"ఇగ గుంజు కొడుకా. నేను సూస్త" అంది.

జైపాల్ పానా పెట్టి మూడుసార్లు గుంజాడు.