పగటిపూట తెగిపోయే గీత

మా అన్న చేతికి నా పాత వాచీ కట్టింది నేనే. పరుగులు తీసేవాళ్ళ కోసం చేసిన స్పోర్ట్స్ వాచీ అది. తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో కాపురం పెట్టాక, పొద్దున్నే రైలెక్కి ఆఫీసుకు పోయి కూర్చుని కూర్చుని ఒళ్ళు వస్తోందని కొనుక్కున్నాను. నా పరుగు మూన్నాళ్ళ ముచ్చటే అయింది. వాచీ మాత్రం గట్టిది, నిలిచింది. దాని వెనక చిన్న పచ్చదీపం వెలుగుతుంది. అది చర్మానికి ఆనుకుని నాడి చూస్తుంది.

అన్న తిరుత్తణి దగ్గర మా పుట్టింట్లోనే ఉంటాడు. మా నాయన కూర్చున్న మగ్గం గుంతలోనే కూర్చుని చీరలు నేస్తాడు. ఒకనాడు నేస్తూ ఉండగా గుండె దడదడమని, కళ్ళు బైర్లు కమ్మాయని వదిన ఫోన్ చేసింది. తిరువళ్ళూరుకు తీసుకొచ్చి డాక్టరుకు చూపించాం. పరీక్ష చేసే వేళకు గుండె బుద్ధిగా కొట్టుకుంటోంది. ఒంటికి వైర్లు అతికించి ఒక రోజంతా చూశారు. ఆ రోజూ అంతే. పోలీసు నిలబడిన వీధికి దొంగ వస్తాడా?

"గుండె తాళం తప్పుతుండొచ్చు. ఇది వచ్చిపోయే రకమమ్మా. వచ్చినప్పుడు పట్టుకోవాలి. వదిలేస్తే నెత్తురు గడ్డకట్టి తలకెక్కే ప్రమాదం ఉంది," అన్నాడు డాక్టరు.

సరిగ్గా అప్పుడే నా వాచీ కంపెనీవాళ్ళు కొత్త మోడల్ తెచ్చారు. గుండె తాళం తప్పితే అది మణికట్టు మీద గుయ్యిమని హెచ్చరిస్తుందట. నాకు ప్రాణం లేచొచ్చింది. నా పాత వాచీకి కూడా ఏటా కొత్త సదుపాయాలు వస్తూనే ఉండేవి, ఇదీ వస్తుందనుకున్నాను. వాచీ తీసి అన్న చేతికి కట్టాను. అన్న ఫోనులో పెట్టిన వాచీ ఖాతానే నా ఫోనులోనూ పెట్టుకున్నాను. రైల్లో నిలబడే అన్న నాడి గీత చూసుకోవచ్చు.

"అప్‌డేట్ వస్తాదన్నా. అంతవరకు ఇది చేతికే ఉండాల," అన్నాను.

"సరి మా. నువ్వు చెప్తే కాదంటానా?" అన్నాడు.

అప్‌డేట్ వచ్చింది. గడియారం ముఖానికి పూలబొమ్మలు వచ్చాయి. ఆటల జాబితాలో మంచు మీద జారే ఆట ఒకటి చేరింది. మా తిరుత్తణి ఎండలో అది ఎవరు ఆడతారో కంపెనీకే తెలియాలి. గుండె సంగతి మాత్రం రాలేదు. ఆ తర్వాత ఒక ప్రకటన వచ్చింది: పాత మోడళ్ళకు ఇకపై కొత్త సదుపాయాలు ఉండవు, లోపాలుంటే సరిచేస్తాం, అంతే.

ఒళ్ళు మండిపోయింది. ఆ వాచీ వాడేవాళ్ళు ఇంటర్నెట్‌లో చేరి, పాతదానిలోనూ కొత్తదానిలోనూ ఉన్నది ఒకే పచ్చదీపమని వాదిస్తున్నారు. నిజమో కాదో నాకు తెలియదు. మా ఆయన మాత్రం, "పాతదానికి ఎన్నాళ్ళని చేస్తారు? వాళ్ళూ బతకాల గదా. ఉన్నదాని మీద ఇంకా ఇంకా ఎక్కిస్తే అది మోయలేక చస్తాది," అన్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే ఆ రోజు ఆయనతో మాట్లాడలేదు.

అన్నకు ఫోన్ చేసి వెళ్ళగక్కాను. అన్న నవ్వాడు.

"మన మగ్గం చూడు. నాయన కాలందే. పైన తగిలించిన చిల్లుల అట్టలు మారిస్తే చాలు, కొత్త బార్డర్ పడతాది. మగ్గం పాతదని ఎవురన్నా కొత్త అట్టలు ఇయ్యం పొమ్మన్నారా?"

"అదే నేనూ అడగతా ఉండేది!"

"ఉండు మా, ఇంకోటి కూడా ఉండాది. పెద్ద డిజైన్ తెస్తే పోగులెత్తే కొక్కేలు చాలవు. అప్పుడు అట్టలు మార్చి ఏం లాభం? మనమే చేతులెత్తేస్తాం. వాళ్ళకి చాలనిది కొక్కేలా, ఇయ్యబుద్ధి కానిది అట్టలా, అది అడుగు."

కంపెనీకి నేను రాసిన ఉత్తరాలన్నిటిలోకీ ఈ ప్రశ్నే గొప్పది. మాటలు మార్చి ఇంగ్లీషులో అడిగాను. కొత్త మోడల్ మీద తగ్గింపు ఉందని జవాబు వచ్చింది.

కొన్నాళ్ళకు ఇంకో సంగతి గమనించాను. అన్న నాడి గీత పొద్దున పలహారం వేళకు తెగిపోతోంది. మధ్యాహ్నం భోజనం వేళ కాస్త కనబడి, మళ్ళీ పోతోంది. దీపాలు పెట్టే వేళకు తిరిగి వస్తోంది. రోజూ ఇదే వరస. ఆ ప్రకటన తర్వాతే ఇట్లా అయిందని నాకు నేనే తేల్చుకున్నాను. అంతకు ముందు అంత జాగ్రత్తగా చూసిందెవరు?

"అన్నా, వాచీ కట్టుకుంటా ఉండావా?" అని అన్నను అడిగాను.

"కట్టుకోకుండా ఏమి?" అన్నాడు.

ఇంకేముంది, కంపెనీ మీద పడ్డాను. కొత్తవి కొనిపించడానికి పాతవాటిని పాడు చేస్తున్నారని ఫోన్‌లో అరిచాను. అవతల ఎవరో అమ్మాయి, పాపం, ఓపికగా విన్నది. "చర్మానికి సరిగా ఆనుతోందా మేడమ్?" అని అడిగింది. నన్ను వెర్రిదాన్ని చేస్తోందనుకుని ఫోన్ పెట్టేశాను.

ఆ వారంలోనే వదిన ఫోన్ వచ్చింది. అన్న మగ్గంలోనే ఒరిగిపోయాడు. ఎడమ చేయి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. తిరువళ్ళూరు ఆసుపత్రిలో గుండె తాళం తప్పడం ఈసారి డాక్టర్ల కళ్ళబడింది. దొంగ దొరికాడు, ఇల్లు దోచుకున్నాక. నెత్తురు పలచబడే మందు మొదలుపెట్టారు. ఆ మందే ముందుగా పడి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

మరునాడు అన్న బట్టల కోసం ఊరికి పోయాను. నేత సగంలో ఆగిన చీర మగ్గం మీద అట్లాగే ఉంది. మగ్గం గుంజకు కొట్టిన మేకుకు, నూలుపోగుతో కట్టి, నా వాచీ వేలాడుతోంది. వెనక పచ్చదీపం అప్పుడప్పుడూ మిణుకుమంటూ నాడి కోసం గోడను వెతుకుతోంది.

అక్కడే కూలబడి ఏడ్చాను. ఆసుపత్రికి తిరిగొచ్చి వదినను కడిగేశాను.

"చేతికి కట్టుకోకుండా మేకుకు తగిలిస్తే అదేం చెప్తాది వదినా?"

వదిన నా వైపు వింతగా చూసింది. "మగ్గంలో కూసున్నప్పుడు చేతికి యాడన్నా ఏమన్నా పెట్టుకుంటారా? వాచీ బెల్టు కొక్కెం తగిలిందంటే పడుగు పోగులు పుటుక్కున తెగతాయి గదా. లేస్తానే కట్టుకుంటాడు, అన్నం తినేటప్పుడు కట్టుకుంటాడు, పండుకునేటప్పుడు కూడా తియ్యడు. నువ్వూ ఆ ఇంట్లో పుట్టినదానివే గదా?"

నేనూ ఆ ఇంట్లో పుట్టినదాన్నే. నా గాజులు తీయించాకే అమ్మ నన్ను మగ్గం దగ్గరికి రానిచ్చేది. అన్న నాతో అబద్ధం చెప్పలేదు. మగ్గంలో వాచీ ఉండదని వేరే చెప్పాలని ఆయనకు తోచలేదు, వేరే అడగాలని నాకు తోచలేదు.

మా ఆయన ఆ సంగతి విని, "చూసినావా, కంపెనీ తప్పేం లేదు," అన్నాడు. అక్కడే నాకు మళ్ళీ మండింది. రాత్రిళ్ళు వాచీ అన్న చేతికి ఉంది కదా. అన్న నిద్రపోతున్నప్పుడు ఆ పచ్చదీపం మేలుకునే ఉంది కదా. ఆ హెచ్చరిక సదుపాయం కంపెనీ ఇచ్చి ఉంటే ఏదో ఒక రాత్రి దొంగ పట్టుబడేవాడేమో. పట్టుబడకపోనూ వచ్చు. కొక్కేలు చాలవా, అట్టలు ఇవ్వబుద్ధి కాలేదా, నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. నా కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ మోస్తున్నాను.

అన్న ఇంటికి వచ్చేశాడు. మాట చాలావరకు తేరుకుంది. నడుస్తాడు. ఎడమ చేయి మాత్రం పిడికిలి బిగించదు. సగంలో ఆగిన చీరను వదిన గాజులు తీసి పక్కన పెట్టి నేస్తోంది. అన్న గుంత పక్కన స్టూలు మీద కూర్చుని పోగు ఎక్కడ వదులైందో చెబుతుంటాడు. పోయిన ఆదివారం నేను వెళ్ళినప్పుడు చేయి ముందుకు చాపి చూపించాడు.

"చూడు మా, ఇప్పుడు తియ్యడమే లేదు. బాగా పడతా ఉండాదా నీ ఫోన్లో?"

"బాగా పడతా ఉండాదన్నా," అన్నాను.

నిజమే. తిరిగొచ్చేటప్పుడు రైల్లో చూసుకున్నాను. పొద్దున్నుంచి దీపాల వేళ దాకా గీత ఎక్కడా తెగలేదు. దాని కోసమే కదా నేను ఊరందరితోనూ పోట్లాడాను. ఇప్పుడు రోజూ పలహారం వేళకు ఫోన్ తీసి చూస్తాను, ఈ పూటైనా వాచీ మళ్ళీ మేకుకెక్కి ఆ గీత తెగుతుందేమోనని.