మనుబోతు కడుపులో దొరికిన తొడుగు

2018లో, మిర్చి కోతలు సగానికి వచ్చిన రోజులు. మాచర్ల అవతల నల్లమల అంచున ఉన్న ఒక మండలంలో పశువైద్యురాలిగా చేరి అప్పటికి నాకు రెండేళ్లు కావస్తోంది. మా ఆసుపత్రికి వచ్చేవి ఎక్కువగా గేదెలు, గొర్రెలు. అడవి జంతువు ఏదైనా చనిపోయి కనిపిస్తే పోస్ట్‌మార్టం చేయడానికి అటవీ శాఖ వాళ్లు కూడా మమ్మల్నే పిలుస్తారు. కుక్కలు తరిమి చంపిన దుప్పి, కరెంటు తీగ తగిలిన అడవిపంది లాంటివి ఏడాదికి రెండు మూడు చేసేదాన్ని. తుపాకి గాయాన్ని మాత్రం కాలేజీ పుస్తకంలో చూడటమే.

ఆ రోజు ఉదయం అటవీ శాఖ సెక్షన్ ఆఫీసర్ ఫోన్ చేశారు. ఎండిన వాగులో ఒక మనుబోతు పడి ఉందనీ, కాకులు వాలుతుంటే తమ వాచర్ చూశాడనీ చెప్పారు. మనుబోతు అంటే నీల్గాయి, జింకలా కనిపించే పెద్ద జంతువు. మగది దాదాపు గుర్రమంత ఎత్తు ఉంటుంది. మిరప చేలల్లో పడి తొక్కుతుందని రైతులకు కోపమే కానీ, దాన్ని వేటాడటం నేరం.

ఆ ఊళ్లో ముందురోజే ఒక మనిషి చనిపోయాడని నాకు తెలుసు. పేరు కోటయ్య. ఎనభై గొర్రెల మంద ఉండేది. తెల్లవారుతుండగా మందను కొండవాలుకు తోలుకుపోయినవాడికి ఛాతీలో గుండు తగిలింది. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. డాక్టర్లు అతని ఒంట్లోంచి ఉత్త సీసపు ముద్ద ఒకటి తీశారు. నాటు తుపాకిలో కూరేది సీసపు గుండే. అదే ఊరి కూలీ ఏసోబు ఇంటి కప్పులో ఒక నాటు తుపాకి దొరికింది. పొద్దున అతను అటువైపు పోవడం చూసినవాళ్లూ ఉన్నారు. సాయంత్రానికల్లా అతన్ని పోలీసులు తీసుకెళ్లారు. తను కాల్చలేదన్న ఒక్క మాట తప్ప ఏసోబు ఇంకేమీ చెప్పలేదట. మనుబోతును కూడా అతనే కొట్టి ఉంటాడని అందరూ అనుకున్నారు.

నేను వెళ్లేసరికి కళేబరం ఉబ్బి ఉంది. ఒక రోజు గడిచింది, పైగా ఎండ. సెక్షన్ ఆఫీసర్ మంచివారే కానీ తొందరలో ఉన్నారు. గుండు దెబ్బకు చచ్చిందని రాసేస్తే మధ్యాహ్నానికి దహనం చేయిద్దామన్నారు. కోటయ్య పడిన చోటికి ఇది దాదాపు రెండు కిలోమీటర్లు. కడుపులో దెబ్బ తగిలిన జంతువు అక్కడే పడిపోదు. పేగులు చిరిగి, లోపల రక్తం కారుతున్నా గంటల తరబడి నడుస్తుంది. ఇది ఎంత బాధపడి చచ్చిందో వాగు ఇసుకలో కాళ్లతో గీరుకున్న గుర్తులు చూస్తే తెలుస్తోంది.

ఎడమవైపు చివరి పక్కటెముక దగ్గర చిన్న రంధ్రం ఉంది, గుండు లోపలికి పోయినది. కుడివైపు బయటికి వచ్చిన రంధ్రం ఉంది. చర్మం ఒలిచి చూస్తే పక్కటెముక అంచు చిట్లి ఉంది. ఆ చిట్లిన చోట గోరంత రాగి రేకు ఇరుక్కుని మెరిసింది.

నాటు గుండులో రాగి ఉండదు.

కాలేజీలో మాకు ఈ పాఠం చెప్పిన మాస్టారికి అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఆయన ఓపిగ్గా వివరించారు. వేటకు వాడే రైఫిల్ బుల్లెట్‌ను సాఫ్ట్ నోజ్ అంటారు. సీసం చుట్టూ రాగి తొడుగు ఉంటుంది, ముక్కు దగ్గర మాత్రం సీసాన్ని బయటికి వదిలేస్తారు. ఒంట్లోకి దిగగానే ఆ ముక్కు పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ముందు కాలి వెనక, గుండెకో ఊపిరితిత్తులకో తగిలితే జంతువు నిమిషాల్లో పడిపోతుంది. సైన్యంలో వాడే బుల్లెట్‌కు ముక్కు కూడా మూసి ఉంటుంది కాబట్టి అది చాలాసార్లు విచ్చుకోకుండానే అవతలికి దూసుకుపోతుంది. సాఫ్ట్ నోజ్ కూడా దగ్గర నుంచి పేల్చినప్పుడు, ఎముకకు తగిలినప్పుడు ఒక్కోసారి విడిపోతుందట. తొడుగు లోపల ఉండిపోతుంది, సీసం ఒక్కటే ముందుకు పోతుంది.

“సీసం నీకు దొరకదమ్మా, అవతలి రంధ్రంలోంచి పోయింది. తొడుగు మాత్రం కడుపులోనే ఉండాలి. ఓపికుంటే వెతుకు,” అన్నారు మాస్టారు.

మనుబోతు పెద్దపొట్టలో నాలుగైదు బకెట్ల మేత ఉంటుంది. ఊళ్లో బడి గది కడుతుంటే అక్కడి ఇసుక జల్లెడ తెప్పించాను. కుళ్లిన ఆకును పిడికెడు పిడికెడు జల్లెడలో వేసి, నీళ్లు పోస్తూ మూడు గంటలు వెతికాం. ఆ వాసనకు వాచర్ రెండుసార్లు పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు. మధ్యలో సెక్షన్ ఆఫీసర్‌కు ఫోన్ వచ్చింది. మాట్లాడి వచ్చి, ఇంత ఆలస్యం దేనికని పైనుంచి అడుగుతున్నారని చెప్పారు. ఎవరు అడుగుతున్నారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. భయం వేసింది. ఆపేస్తే ఎవరూ తప్పు పట్టరని కూడా అనిపించింది. అయినా ఆపలేదు.

చివరికి జల్లెడలో మిగిలింది, విచ్చిన పువ్వులా నాలుగు రేకులుగా తెరుచుకున్న రాగి తొడుగు. లోపల సీసం లేదు. కింది అంచున వాలుగా సన్నటి గీతలున్నాయి. రైఫిల్ గొట్టంలో తిరుగుతూ వచ్చిన బుల్లెట్ మీదే ఆ గీతలు పడతాయి. సాక్షుల ముందు దాన్ని గాజుసీసాలో పెట్టి సీలు వేశాను. కోటయ్య ఒంట్లో దొరికిన ముద్దనూ దీన్నీ కలిపి చూడమని నివేదికలో రాశాను. కోటయ్యను చంపిన సీసం ముందు ఈ మనుబోతులోంచి దూరి వెళ్లి ఉండవచ్చన్న అనుమానాన్ని మాటల్లో పెట్టడానికి చాలాసేపు పట్టింది.

మూడు రోజుల తర్వాత కోటయ్య భార్య వీరమ్మ ఆసుపత్రికి వచ్చింది. గొర్రెల టీకాల కోసం ఎప్పుడూ వచ్చే మనిషే. ఆ రోజు జీవాలేవీ తేలేదు.

“ఆ జంతువుని కోసింది మీరేనంటగా డాక్టరమ్మా. మా ఆయన్ని ఏసోబన్నే చంపాడా?”

రిపోర్టు వచ్చేదాకా నేనేమీ చెప్పకూడదన్నాను.

“ఏసోబన్న పెళ్లాం నిన్న నాకు బువ్వ తెచ్చింది. ఆ ముద్ద మింగాలో ఉమ్మెయ్యాలో తెలియట్లా,” అని లేచి వెళ్లిపోయింది.

ప్రయోగశాల నుంచి జవాబు రావడానికి ఐదు నెలలు పట్టింది. ముద్ద, తొడుగు ఒకే రైఫిల్ బుల్లెట్ భాగాలని తేలింది. అన్నాళ్లూ జైల్లో ఉన్న ఏసోబు బయటికి వచ్చాడు. అప్పుడు నోరు విప్పాడు. పట్నం నుంచి వచ్చిన ఇద్దరికి తాను దారి చూపించాననీ, పేల్చింది వాళ్లలో ఒకరనీ చెప్పాడు. పేరు చెబితే ఇంట్లోవాళ్లను బతకనివ్వరని అంతవరకూ నోరు మెదపలేదట. పేల్చాడని ఏసోబు చెప్పిన ఆ పెద్దమనిషి మాత్రం, తన రైఫిల్ అంతకు ముందే పోయిందని ఫిర్యాదు ఇచ్చి ఉన్నానంటూ కాగితం చూపించాడు. గీతలున్న తొడుగు ఉంది కానీ, పోల్చి చూడటానికి గొట్టం లేదు. ఆ కేసు ఇప్పటికీ వాయిదాల్లోనే ఉంది.

విడుదలైన వారానికి ఏసోబు నా దగ్గరికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. దణ్ణం పెడతాడేమో, వద్దనాలి అనుకున్నాను. అతను దణ్ణం పెట్టలేదు.

“తుపాకి నేను కాల్చలా మేడం. కానీ అటేపు మంద ఉందని నాకు తెలుసు,” అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. అతనే చెప్పుకుంటూ పోయాడు. మనుబోతును వాళ్లకు చూపించింది తనే. అది పక్కకు తిరిగి నిలబడింది. దాని వెనక వాలు మీద దుమ్ము లేస్తూ కనిపించింది. ఆ పొద్దులో అక్కడ దుమ్ము లేచిందంటే అది కోటయ్య మందే. అంతకు ముందు వచ్చినప్పుడు వేట దొరక్క ఉత్త చేతులతో పోవాల్సి వచ్చిందని ఆ ఇద్దరూ తనను బూతులు తిట్టారు. ఈసారి కూడా ఆగమంటే జంతువు బెదిరి పారిపోతుందని భయపడ్డాడు.

“ఎంతసేపు టైం ఉంది?” అని అడిగాను.

“ఒక మాట అనేంత,” అన్నాడు.

ఇదంతా నాకెందుకు చెబుతున్నావని అడిగాను.

“మీరు నన్ను ఇడిపించారు గదా. తెలీక ఇడిపించారేమోనని.”

ఇది చెప్పాల్సింది నాకు కాదు, వీరమ్మకు అన్నాను. అప్పుడు అది సరైన మాటే అనిపించింది. అతను తలూపి వెళ్లిపోయాడు.

ఆ చలికాలం ఆ ఊళ్లో గొర్రెలకు పారుడు రోగం టీకాలు వేశాం. వీరమ్మ మందలో ముప్పై కూడా లేవు. మిగతావి అమ్మేశానని చెప్పింది. ఒక్కొక్క గొర్రెనూ పట్టుకుని నా ముందుకు తోస్తూ, ఏసోబు వచ్చి వాకిట్లో నిలబడి అంతా చెప్పాడని, నేనే పంపానని కూడా అన్నాడని చెప్పింది. నువ్వేమన్నావని అడిగాను.

“ఏమంటాను డాక్టరమ్మా. ‘నాకు చెప్పి నువ్వు తేలికైపోతివి, దీన్ని నేను యాడ బెట్టుకునేది’ అని అడిగా. రైఫిలోడెవడో నాకు తెలీదు, వాడి మీద ఏడవటం తేలిగ్గా ఉండేది. ఇప్పుడు పొద్దున లేస్తే ఎదురింట్లో ఏసోబన్నే కనపడతాడు.”

ఆమె గొంతులో కోపం లేదు. నా చేతిలో సిరంజి ఖాళీ అయిందని కూడా ఆమే గుర్తుచేసింది.

ఆ తర్వాత తుపాకి గాయాల కేసులు మరో నాలుగు చేశాను. లోపలికి పోయిన రంధ్రంతో పాటు అవతలి రంధ్రాన్నీ కొలుస్తాను, తప్పిపోయిన ముక్క కోసం వెతుకుతాను, దెబ్బ తగిలినప్పుడు జంతువు నిలబడిన చోటికి వెళ్లి దాని వెనక ఏముందో చూసి రాస్తాను. ఇవన్నీ ఆ కేసు నేర్పినవే, కొత్తగా వచ్చే పిల్ల డాక్టర్లకు చెబుతూ ఉంటాను. వాళ్లకు చెప్పనిది ఒకటుంది. నా నివేదిక ఒక మనిషిని జైలు నుంచి బయటికి తెచ్చింది, అది నా పని. అతన్ని వీరమ్మ వాకిట్లోకి పంపడం నా పని కాదు. ఆ రోజు నేను ఊరుకుని ఉండాల్సిందో, అలా పంపడమే మంచిదయిందో, ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోతున్నాను.