మా అమ్మ టీవీలో ఏడ్చింది

ఇరవైనాలుగు గంటల వార్తలు మా ప్రత్తిపాడుకు కొత్తగా వచ్చిన రోజులవి. వార్తలు చదివే అమ్మాయి నవ్వదు కాబట్టి అబద్ధం చెప్పదని మా ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం. నవ్వుతూ నిజం చెప్పేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నా, వాళ్ళ మాట ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఆ ఏడు మిరపకాయలు కల్లంలో ఎండుతుండగా అకాల వర్షం పడింది. మబ్బు చూడగానే అమ్మానాన్నా కాయలు కుప్పచేసి పట్టాలు కప్పారు. పక్క కల్లం సాయిబుల వదినది. అమ్మా ఆమే ఒకరినొకరు వదినా అని పిలుచుకోవడమే గానీ చుట్టరికం లేదు. గాలికి ఆమె పట్టాలు ఎగిరిపోయి పంటంతా తడిసింది. సర్కారు నుంచి నష్టపరిహారం వస్తే తప్ప మళ్ళీ విత్తనం కొనే దారి లేదు.

మర్నాడు టీవీవాళ్ళు వచ్చారు. వదిన కొంగు నెత్తిన లాక్కుని, "నాకు సిగ్గు, నువ్వే చెప్పు వదినా" అంటూ అమ్మ వెనక దాక్కుంది. అమ్మ తడిసిన కాయలు దోసిట్లోకి తీసుకుని, "మాది ఒక్క కాయ కూడా తడవలేదండీ. మా వదినదే, పాపం, మొత్తం పోయింది" అంది. అని, ఆ చేత్తోనే మొహం తుడుచుకుంది. ఇంకేముంది, కళ్ళు భగ్గుమని బొటబొటా నీళ్ళు కారాయి. కెమెరా అతను ఎంతో సంబరంగా దగ్గరికి జరిగాడు.

సాయంత్రం అందరం టీవీ ముందు చేరాం. తెర నిండా అమ్మ ఏడుపు మొహం. "మొత్తం పోయింది" అన్న ముక్క ఒక్కటే వినిపించింది. "సర్వం కోల్పోయి కన్నీరుమున్నీరవుతున్న మహిళా రైతు" అని ఆ అమ్మాయి నవ్వకుండా చదివింది. స్వయంగా పట్టాలు కప్పిన మా నాన్న అటు టీవీనీ ఇటు అమ్మనీ చూసి, "ఏమే, మనది కూడా పోయిందా?" అని చెప్పులేసుకుని కల్లానికి పరుగెత్తాడు. చిలకలూరిపేట నుంచి పిన్ని పొద్దున్నే ఏడుస్తూ బస్సు దిగింది. నాకు నవ్వాగలేదు.

నష్టం రాసుకునే ఆఫీసరు తిన్నగా మా కల్లానికే వచ్చినప్పుడు మాత్రం నవ్వు పోయింది. పక్కన నిలబడ్డ వదినను ఆయన చూడనైనా లేదు.

"నాదేం పోలేదండీ, ఈవిడది పోయింది" అంది అమ్మ.

"టీవీలో మేమంతా చూశాంగా అమ్మా. భయపడకండి, రాసుకుంటాం."

అమ్మకు ఒళ్ళు మండింది. పట్టా లాగేసి, "చెయ్యి పెట్టి చూడండి, తడుందేమో" అంది. ఆయన మోచేతిదాకా పెట్టి చూశాడు, ఎర్రటి కాయలు గలగలమన్నాయి. అలవాటు లేని మనిషి, ఎండకు ఆ చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. క్షణంలో కళ్ళనీళ్ళు కార్చుకుంటూ గెంతడం మొదలుపెట్టాడు.

"అయ్యో, తమరిది కూడా మొత్తం పోయిందా అండీ?" అంది అమ్మ.

వదిన పకపకా నవ్వింది. వర్షం పడ్డాక ఆమె నవ్వడం అదే మొదలు, నాకు ప్రాణం లేచొచ్చింది. చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన కళ్ళు కడిగించింది. ఆయన తేరుకుని, పక్కన తడిసిన కల్లం ఎవరిదని అడిగాడు. అమ్మ నోరు తెరవబోయింది.

"నువ్వాగు వదినా" అని వదిన ముందుకొచ్చి, "నాదేనండీ. రాసుకోండి" అని తన పేరు తనే చెప్పింది.