ఖాయమైన ఓట్ల జాబితా

మా మావయ్య సర్పంచి పదవికి మూడుసార్లు నిలబడ్డాడు. మొదటి రెండుసార్లు ఆయన్ని ఊరు ఓడించింది. మూడోసారి నేను ఓడించాను. అవతలి పక్షంలో చేరి కాదండోయ్! ఆయన ఇంట్లోనే ఉండి, ఆయన అన్నమే తిని, ఆయన కొనిచ్చిన రంగు పెన్సిళ్లతోనే ఓడించాను.

తొంభైల మధ్య మాట. బందరులో బీకాం పూర్తిచేసి, దేశానికి ఎలా ఉపయోగపడాలో తెలియక తిరుగుతున్నాను. మావయ్యది దివిసీమలో, మోపిదేవి అవతల చిన్న ఊరు. ఈసారి కూడా ఓడితే ఊళ్లో తలెత్తుకు తిరగలేనని ఆయన అమ్మకు కబురు పెట్టాడు. అమ్మ నన్ను పంపింది. ఆవిడ ఉద్దేశం కుర్చీలు మొయ్యడానికి. నేను మాత్రం సలహాదారు హోదాలో వెళ్లాను.

ఆ ఊళ్లో ఎవరు ఎటో తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. రెండు టీకొట్లు ఉండేవి. మావయ్య వైపు వాళ్లు వంతెన దగ్గర తాగేవారు. ఆయన్ని రెండుసార్లు ఓడించిన సర్పంచి నాగభూషణం గారి వైపు వాళ్లు రేవు దగ్గర తాగేవారు. టీ కషాయంలా ఉన్నా సరే, ఎవరూ కొట్టు మార్చరు. తాత ఎక్కడ తాగాడో మనవడూ అక్కడే. ఇంత తేలిగ్గా కనపడే సంగతిని నేను వారం రోజులు చెమటోడ్చి ఓటర్ల జాబితా మీదికి ఎక్కించాను. మనవాళ్లకు ఆకుపచ్చ, కానివాళ్లకు ఎరుపు, ఊగిసలాడేవాళ్లకు నీలం.

"ఈ ఆకుపచ్చవి ఖాయం మావయ్యా. ఆ ఇళ్లకు వెళ్లక్కర్లేదు."

"వెళ్లకపోతే ఎలారా? ఓటు అడగొద్దూ?"

"జేబులో ఉన్న రూపాయిని వీధిలో వెతుక్కుంటామా? మిగిలిన ఆరు రోజులూ నీలం ఇళ్ల మీదే పెట్టాలి."

"మన వీధి కూడానా?"

"మన వీధి అసలు వద్దు."

చదువుకున్నవాడు చెప్పాడు కదా అని మావయ్య తలూపాడు. ఆయన జన్మలో నా మాట విన్నది ఆ ఒక్కసారే.

మీకు ముందే చెప్పేస్తాను. ఆ ఊళ్లో ఓటు అడగడమంటే పెళ్లికి పిలవడం లాంటిది. గోడ అవతల ఉన్నవాడైనా సరే, బొట్టు పెట్టి పిలిస్తేనే వస్తాడు. ఈ పాఠం బీకాంలో లేదు.

మూడో రోజున పక్కింటి వెంకట్రావు గారు నన్ను ఆపారు.

"ఏమయ్యా అల్లుడూ, మీ మావయ్య మా గుమ్మం దాటుకుని చివరి వీధికి వెళ్తున్నాడు. మేం కనపడటం లేదా?"

"మీరు మనవాళ్లే కదండీ!"

"ఓహో. అంటే మమ్మల్ని అడగక్కర్లేదన్నమాట."

"అస్సలు అక్కర్లేదండీ!" అన్నాను సంతోషంగా.

ఆయన నవ్వారు. ఆ నవ్వును కూడా ఆకుపచ్చలోనే వేసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే నాగభూషణం గారు మా వీధిలోకి వచ్చారు. నెత్తిన తువ్వాలు, జోడించిన చేతులు. ఒక్క ఇల్లు వదల్లేదు, చివరికి మా ఇల్లు కూడా. ఆ ఏడే కొత్తగా ఓటొచ్చిన మా మరదలు పద్మ ఆయనకు మజ్జిగ ఇచ్చింది. పాపం, పెద్దాయనకు లెక్కలు రావని జాలిపడ్డాను.

పోలింగు అయింది. ఆ సాయంత్రమే బళ్లో ఓట్లు లెక్కపెట్టారు. ఏడు ఓట్ల తేడాతో ఓడాం.

మావయ్య అరుగు మీద మొహాన తువ్వాలు వేసుకుని కూర్చున్నాడు. ఆయన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది. వెంకట్రావు గారు పరామర్శకు వచ్చి, "ఒక్క మాట అడిగుంటే వేసేవాళ్లం కదయ్యా" అని మరీ వెళ్లారు.

"పోన్లే. మన ఇంట్లోవన్నా మనకు పడ్డాయి" అన్నాడు మావయ్య.

ఆ మాట అని లోపలివైపు తిరిగాడు.

"ఏమే?"

అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. "నన్నెవరడిగారండీ? ఆ నాగభూషణం గారు ఎండన పడొచ్చి 'చెల్లెమ్మా, నీ ఓటు' అని దణ్ణం పెట్టారు. ఇరవై ఏళ్ల కాపురంలో మీరు నన్నొక్క మాట అడిగి చేసిన పనుందా?"

అదే ఇంట్లో ఉండే చిన్నత్తయ్య తల దించుకుంది. పద్మ దూలాలు లెక్కపెడుతోంది. మావయ్య ఆఖరి ఆశగా అమ్మమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు కూడానా?"

అమ్మమ్మ ఆకు నములుతూ తాపీగా అంది: "అడగందే అమ్మైనా ఓటెయ్యదురా."

నాలుగు ఓట్లు ఇటు నుంచి అటు వెళ్తే ఎనిమిది తేడా. మేం ఓడింది ఏడుతో. ఈ లెక్క మాత్రం నాకు చటుక్కున తట్టింది. మావయ్య నన్నేమీ తిట్టలేదు. జాబితా అడిగి తీసుకుని, మా ఇంటి నంబరు పక్కనున్న ఆకుపచ్చ గీతను వేలితో చాలాసేపు రుద్దాడు. అది చెరగలేదు.

మూడేళ్ల తర్వాత పద్మతో నా పెళ్లి మాట వచ్చింది. "మేనరికం, ఖాయమే కదా! పిల్లనడిగేదేముంది?" అన్నారు పెద్దలు. ఖాయం అన్న మాట చెవిన పడగానే నాకు ముచ్చెమటలు పోశాయి. మిట్టమధ్యాహ్నం బస్సు దిగి, నెత్తిన తువ్వాలు వేసుకుని, వాళ్ల గుమ్మంలో నిలబడి రెండు చేతులూ జోడించాను.

"పద్మా, నువ్వు ఒప్పుకుంటేనే."

"చూద్దాంలే బావా" అని లోపలికెళ్లి మజ్జిగ తెచ్చింది. ఆ ఇంట్లో మజ్జిగకు అర్థమేమిటో నాకు అప్పటికే తెలుసు.

కాబట్టి మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మరే మనిషినీ ఖాయం కింద రాసుకోను. ఆకుపచ్చ పెన్సిలును గడప తొక్కనివ్వను. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ, నేను దేనికీ నిలబడకపోయినా, ముందు మా ఆవిడకు దణ్ణం పెట్టి ఓటు అడుగుతాను. ఆవిడ ఇప్పటికీ "చూద్దాంలెండి" అనే అంటుంది.